వెదర్ యాప్ బొమ్మ చదవడం మనకే రాదు, పిల్లలకు ఏం నేర్పుతాం?

ఇక్కడ నేను ఎప్పుడూ రాసేది ఫోన్ల గురించే. ఏ ప్రాసెసర్ వేడెక్కుతోంది, బాక్సులో చార్జర్ ఇచ్చారా లేదా, ఆ గొడవే. ఈసారి మాత్రం ఒక బొమ్మ గురించి రాస్తున్నా. కారణం మా అక్క కూతురు బుజ్జి. అయిదో తరగతి. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లోనే చదువుతోంది.

పోయిన వేసవిలో బెంగళూరు నుంచి ఇంటికి పోయినప్పుడు బుజ్జి అరుగు మీద కూర్చుని నీటి చక్రం బొమ్మకు రంగులేస్తోంది. ఇంటర్నెట్ నుంచి ఎవరో ప్రింట్ తీసిచ్చిన షీట్ అది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మంచు కొండ, మధ్యలో పచ్చగడ్డి, దాని మీదుగా వంకర్లు తిరిగే నది. నీలం స్కెచ్ పెన్ దాదాపు అయిపోయింది. తలెత్తి అడిగింది.

"మామా, ఇందులో మన ఊరు యాడుంది?"

గడ్డి మీద ఒకచోట వేలు పెట్టి "ఇక్కడెక్కడో ఉంటాదిలే" అన్నా.

"మరి బోరు యాడ?"

నాకు జవాబు దొరకలేదు. బీటెక్ చదివి, రోజూ డాష్‌బోర్డులు కట్టే ఉద్యోగం చేసే నాకు, అయిదో తరగతి బొమ్మలో మా ఊరిని చూపించడం చేతకాలేదు. అప్పట్నుంచి ఆలోచిస్తూనే ఉన్నా. ఈ వ్యాసం అదే.

బొమ్మలో లేని ఊరు

ఇది ఒక్క షీట్ సమస్య కాదు. 2019లో నేచర్ జియోసైన్స్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. పాఠ్యపుస్తకాలు, పరిశోధన పత్రాలు, వెబ్‌సైట్లలో వచ్చిన 450కి పైగా నీటి చక్రం బొమ్మలను పరిశోధకులు పరిశీలించారు. సుమారు 85 శాతం బొమ్మల్లో మనిషి చేసే పని ఏదీ కనిపించలేదు. బోరు లేదు, కాలువ లేదు, పొలం లేదు, డ్యామ్ లేదు. నీళ్లు వాటంతట అవే ఎగిరి, వాటంతట అవే పడి, వాటంతట అవే పారతాయన్నట్టు ఉన్నాయి. అమెరికా భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ 2022లో తన బొమ్మను మొత్తం మార్చి గీసింది. కొత్తదాంట్లో పొలాలున్నాయి, పట్టణాలున్నాయి, భూమిలోంచి నీళ్లు తోడటం కూడా ఉంది. అంటే వాళ్లకే ఇంతకాలం పట్టింది.

మా జిల్లాకు వచ్చేసరికి ఆ పాత బొమ్మ ఇంకో విషయం కూడా దాస్తుంది. అందులో సముద్రం మీద మేఘం పుడుతుంది, కొండ మీద వాన కురుస్తుంది, కథ అయిపోతుంది. ఆ కొండకు అవతల ఏమవుతుందో ఉండదు. మేము ఉండేది సరిగ్గా అవతలే. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తడి మోసుకొస్తుంది. పడమటి కనుమలు ఎక్కేటప్పుడు చల్లబడి, ఆ పక్కనే ఎక్కువ వాన కురిపిస్తుంది. ఇటు దిగేసరికి గాలి పొడిబారిపోతుంది. కనుమల మీదున్న ఆగుంబేలో ఏడాదికి సగటున 7,000 మి.మీ. పైనే వాన. అక్కడి నుంచి మా ఊరు గాలిదారిన సుమారు 250 కిలోమీటర్లు. మాకు ఏడాది సగటు సుమారు 550 మి.మీ. దేశ సగటులో సగం కూడా కాదు.

ఈ ఒక్క సంగతి బొమ్మగా గీస్తే చాలు. ఎడమ పక్క సముద్రం, నడుమ కనుమలు, కుడి పక్క ఎర్ర నేల, అందులో ఒక బోరు. దాన్ని చూసిన అనంతపురం పిల్లకు "మాకు వాన ఏమిటికి రాదు" అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. అలాంటి బొమ్మ నాకైతే పదో తరగతి అయ్యేదాకా ఎవరూ చూపించలేదు. వాన రాకపోవడం ఎవరో చేసిన పాపమని ఊళ్లో పెద్దవాళ్లు చెప్తే అదే నమ్మినా.

నా తప్పు కూడా చెప్పాలి

పిల్లల సంగతి పక్కన పెట్టి నా సంగతి చెప్తా. రెండేళ్ల కింద జూలైలో నాయనకు కొత్త ఫోన్ కొనిచ్చినా. హోమ్ స్క్రీన్ మీద పెద్ద వెదర్ విడ్జెట్ పెట్టినా. అప్పటికే కొంచెం వాన పడి ఉంది. శెనక్కాయలు వేద్దామా, ఇంకో వాన చూద్దామా అని నాయన ఊగుతున్నాడు. యాప్ తెరిచి చూపించినా. వరసగా అయిదు రోజులు మేఘం, కింద చినుకులు, పక్కన 60 శాతం, 70 శాతం.

"వస్తాది నాయనా, చూడు ఇక్కడ, వారమంతా వానే" అన్నా.

నాయన నా మాట నమ్మినాడు. నిజానికి నమ్మింది నన్ను కాదు, నా చదువును. అయిదెకరాలు విత్తినారు. ఆ అయిదు రోజుల్లో మూడు రోజులు తుంపర పడింది. దుమ్ము అణగడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. తర్వాత మూడు వారాలు ఏమీ లేదు. మొలిచినవి మొలిచినట్టే వాడిపోయినాయి. విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు, కూలి ఖర్చు అన్నీ పోయినాయి. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

యాప్ అబద్ధం చెప్పిందా? లేదు. నేను చదవడం తప్పు చదివినా. 60 శాతం అంటే వారమంతా వాన అని కాదు, పొలంలో 60 శాతం తడుస్తుందనీ కాదు. ఇలాంటి అంచనా పదిసార్లు ఇస్తే అందులో ఆరుసార్లు ఎంతో కొంత వాన పడుతుందని. ఆ ఎంతో కొంతలో చిన్న తుంపర కూడా లెక్కే. వాన పడే అవకాశం వేరు, పడే వాన వేరు. విత్తనానికి కావాల్సింది రెండోది. మా వైపు దానికి పదును అని మాట ఉంది. నేల లోపలిదాకా తడిసి, పిడికిట్లో పట్టుకుంటే ఉండ కట్టాలి. చినుకుల ఐకాన్‌లో పదును ఎంతో ఎక్కడా ఉండదు. మూడు చుక్కలు గీసిన మేఘం 2 మి.మీ. వానకూ అదే, 40 మి.మీ. వానకూ అదే.

పైగా ఆ అంచనా మా పొలానిది కాదు. వాతావరణ మోడళ్లు భూమిని గళ్లుగా కోసి లెక్క కడతాయి. ఒక్కో గడి పది, ఇరవై కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. మా దగ్గర వాన గట్టుకు ఇటు పడితే అటు పడదు. అంత పెద్ద గడికి ఒకే ఐకాన్ పెడితే మా ఊరు అందులో ఎక్కడుందో ఎవరికి తెలుసు? బుజ్జి అడిగిన ప్రశ్నే ఇది.

ఎరుపు ఎక్కువా, పసుపు ఎక్కువా?

ఇన్ఫోగ్రాఫిక్ అంటే రంగులు బాగుంటే చాలనుకుంటాం. ఒక చిన్న పరీక్ష. భారత వాతావరణ శాఖ హెచ్చరికలు ఇచ్చేటప్పుడు నాలుగు రంగులు వాడుతుంది. ఆకుపచ్చ అంటే ఇబ్బంది లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. వాన హెచ్చరికలో ఎరుపు కనిపిస్తే అతి భారీ వాన ముప్పు అన్నమాట.

అదే శాఖ వర్షపాతం లోటు మ్యాప్ తీసుకోండి. అందులో ఎరుపు అంటే సాధారణం కన్నా 20 నుంచి 59 శాతం తక్కువ వాన. 60 శాతం మించి తక్కువైతే రంగు పసుపు. అంటే ఈ మ్యాప్‌లో పసుపు ఎరుపు కన్నా ఘోరం. ఒక మ్యాప్‌లో ఎరుపు అంటే ముంచెత్తే వాన, ఇంకోదాంట్లో ఎరుపు అంటే కరువు. ఒకదాంట్లో పసుపు చిన్న మాట, ఇంకోదాంట్లో పెద్ద దెబ్బ. మ్యాప్ పక్కన రంగుల పట్టిక ఉంటుంది, తప్పేం లేదు. కానీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు ఆ పట్టికే ముందు కట్ అయిపోతుంది.

ఇది ఆ శాఖను తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్లు డేటాను అందరికీ ఉచితంగా పెడుతున్నారు, రైతుల కోసం 2019లో మేఘదూత్ యాప్ కూడా తెచ్చారు. నేను చెప్పేది ఒకటే. బొమ్మకు కూడా భాష ఉంటుంది. భాష నేర్పకుండా పుస్తకం చేతికిస్తే పిల్ల చదవలేదు. రంగుల పట్టిక, కొలత, తేదీ, ఏ ప్రాంతం, ఈ నాలుగూ బొమ్మలో ఎక్కడున్నాయో వెతకడమే మొదటి పాఠం కావాలి. నాకు ఆ పాఠం వచ్చి ఉంటే ఆ అయిదెకరాలు అప్పుడు విత్తేవాళ్లం కాదు.

సగటు దాచేసేది

అనంతపురం గురించి ఏ చార్ట్ చూసినా సుమారు 550 మి.మీ. అని ఒక కడ్డీ ఉంటుంది. పక్కన దేశ సగటు అని దానికి రెండింతల పొడవు కడ్డీ. చూడగానే అర్థమవుతుంది, నిజమే. కానీ అది మా కష్టం కాదు.

2022 అక్టోబరులో అనంతపురం టౌన్‌లో నడిమివంక పొంగి కాలనీలు మునిగినాయి. కరువు జిల్లాలో జనాన్ని పడవల్లో బయటికి తెచ్చినారు. ఆ కడ్డీ చూసిన పిల్లకు ఇది ఎలా అర్థమవుతుంది? ఇంకోవైపు చూడండి. సీజన్ మొత్తం లెక్క సాధారణం అని వచ్చిన ఏడాది కూడా పంట ఎండుతుంది. శెనక్కాయకు ఊడలు దిగే దశలో నేలలో తడి ఉండాలి. సరిగ్గా అప్పుడు మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే, తర్వాత సెప్టెంబరులో ఎంత పడినా దిగని ఊడ దిగదు. మొత్తం కూడితే మాత్రం లెక్క సరిపోతుంది. పైగా లెక్కలో 19 శాతం తక్కువ దాకా సాధారణమే.

మాకు ప్రశ్న ఎంత పడింది అన్నది ఒక్కటే కాదు. ఎప్పుడు పడింది, మధ్యలో ఎన్ని రోజులు పడలేదు అన్నది కూడా. పడని రోజులను చూపించే బొమ్మ కావాలి. రీడింగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో చేసిన వార్మింగ్ స్ట్రైప్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఏడాదికో గీత, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. అంకెలు లేవు, గ్రాఫ్ గీతలు లేవు, అయినా చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. నాకు అదే ఐడియా తట్టింది. ఏడాదికి బదులు రోజుకో గడి పెడితే?

ఒక బాటిల్, ఒక గ్రాఫ్ పేపర్

మన ఫోన్లలో జైరోస్కోప్ ఉంది, కొన్ని ఖరీదైన ఫోన్లలో బారోమీటర్ ఉంది. వానను కొలిచే సెన్సర్ మాత్రం మామూలుగా మనం కొనే ఏ ఫోన్లోనూ లేదు. ఫోన్ లోపల టెంపరేచర్ కొలిచేది కూడా బయటి ఎండను కాదు, బ్యాటరీ వేడిని. కాబట్టి గాడ్జెట్ మనమే చెయ్యాలి.

నిలువు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాం. నడుమ సన్నగా ఉండే కూల్‌డ్రింక్ బాటిల్ పనికిరాదు, లెక్క తప్పుతుంది. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉంటే డబ్బా చిన్నదైనా పెద్దదైనా నీటి ఎత్తు ఒకటే. బయట స్కేలు అతికించినాం. చెట్టు, గోడ దగ్గర లేకుండా దొడ్లో రాళ్ల మధ్య నిలబెట్టినాం. వాతావరణ శాఖ రోజు వానను ఉదయం 8:30కి కొలుస్తుంది. బుజ్జి కూడా స్కూలుకు పోయే ముందు అదే టైముకు చూసి, రాసుకుని, నీళ్లు పారబోయాలి.

గ్రాఫ్ పేపర్ మీద జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా 183 గళ్లు. 2.5 మి.మీ. కన్నా తక్కువైతే గడి తెల్లగా వదిలేయాలి, ఎందుకంటే శాఖ లెక్కలో అది వాన రోజే కాదు. 15.5 దాకా లేత నీలం. 64.4 దాకా నీలం. అది దాటితే ముదురు నీలం. అంతే. ఒకే రంగు, మూడు ముదురులు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు కూడా చదవొచ్చు. గళ్ల కింద కార్తెల పేర్లు రాయమని చెప్పింది మా అమ్మ. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. ఏ కార్తెలో ఏం విత్తాలో మా అమ్మకు నోటికి వచ్చు. అంటే మా ఇంట్లో టైమ్‌లైన్ ముందే ఉంది, దానికి రంగులేయడమే మిగిలింది.

ఇంకో చిన్న లెక్క కూడా చేసినాం. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. 550 మి.మీ. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు దాటుతుంది. బుజ్జికి లక్షల లీటర్లంటే ఏం తెలుస్తుంది? ఎండాకాలం ఊళ్లోకి వచ్చే ట్యాంకర్ తెలుసు. 5,000 లీటర్ల ట్యాంకర్లు గీస్తే 445 అయినాయి. "అన్ని ట్యాంకర్లు మన చేన్లో పడ్తాయా? మరి అవన్నీ యాడికి పోతాయి?" అంది. నీటి చక్రం పాఠం నిజానికి అక్కడ మొదలైంది. ఆవిరి, ఇంకడం, వంకలో పారిపోవడం, బోరు. మంచు కొండ అవసరం రాలేదు.

ఆగస్టు ఆఖరున ఫోన్లో ఆ పేపర్ ఫోటో పంపింది. నడుమ వరసగా 22 తెల్ల గళ్లు. కింద పెన్సిల్‌తో "ఊడలు" అని రాసి బాణం గుర్తు పెట్టింది. అది ఎవరు చెప్పినారని అడిగితే "తాత" అంది. నా విడ్జెట్‌ను మళ్లీ ఎప్పుడూ తెరవని మా నాయన, పేపర్ ముందు కూర్చుని ఏ గడిలో పైరుకు ఏం జరిగిందో మనవరాలికి చెప్పినాడట.

ఇది కొత్త సంగతి కాదు

నేనేదో కనిపెట్టినట్టు చెప్పడం లేదు. 2000ల మొదటి దశకంలో ఎఫ్‌ఏఓ సాయంతో ఏపీఫామ్స్ అని ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే భూగర్భజలాలను చూసుకునే పద్ధతి అది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో వందల ఊళ్లలో జరిగింది. ఊరివాళ్లే వానమాపకం చూసి, బోరుబావుల్లో నీటి మట్టం కొలిచి, ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనపడేలా బోర్డుల మీద రాసేవాళ్లు. రబీకి ముందు భూమిలో ఎంత నీళ్లున్నాయి, వేద్దామనుకున్న పంటలకు ఎంత కావాలి అని కూర్చుని లెక్క కట్టేవాళ్లు. దానికి నీటి బడ్జెట్ అని పేరు. ఏ పంట వెయ్యాలో ఎవరూ ఆర్డర్ వెయ్యలేదు. గోడ మీద లెక్క చూసి ఎవరికి వాళ్లు నిర్ణయించుకున్నారు.

స్మార్ట్‌ఫోన్ లేని రోజుల్లో పెద్దవాళ్లు గోడ మీద చేసిన పని, ఇప్పుడు స్కూలు గోడ మీద పిల్లలు ఎందుకు చెయ్యకూడదు?

మరి స్క్రీన్ వద్దా?

కావాలి. నేను స్క్రీన్‌కు వ్యతిరేకం కాదు, నా బతుకే స్క్రీన్. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. నాడు-నేడు కింద చాలా స్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చినాయి. వాటితో మాత్రమే చూపించగలిగేవి ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఇన్‌శాట్-3డీఎస్ లాంటి ఉపగ్రహాల ఫోటోలను వరసగా తిప్పితే, మేఘాలు కనుమల దగ్గర గుంపుగా ఆగిపోవడం, మా వైపు వచ్చేసరికి చెదిరిపోవడం కళ్లారా కనిపిస్తుంది. డబ్బాతో అది కనపడదు. ఊరి బయటిది స్క్రీన్ మీద చూడాలి, ఊళ్లోది చేత్తో కొలవాలి. రెండోది లేకుండా మొదటిదే చూపిస్తే పిల్లకు అది సినిమా.

టీచర్లకు ఇప్పటికే బోలెడు పని, ఇది కూడానా అంటారు. నిజమే. కానీ ఇది రోజుకు రెండు నిమిషాల పని, వంతులవారీగా పిల్లలే చేస్తారు. డబ్బాలో కొలత పక్కా కాదు అంటారు. అదీ నిజమే. మండలంలో నమోదైన లెక్క పక్కన పెట్టి, మనది ఎందుకు తేడా వచ్చిందని అడిగితే అదే ఇంకో పాఠం. డేటా ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కొలిచిందేనని, ఆ చోటు మన చోటు కాకపోవచ్చని పదేళ్లకే తెలిస్తే, ఇరవై ఏళ్లకు నాలా మేఘం ఐకాన్ చూసి ఇంట్లోవాళ్ల చేత విత్తనం వేయించరు.

మనమంతా కొత్త ఫోన్ కొనగానే పాతది తమ్ముడికో చెల్లికో మేనకోడలికో ఇస్తాం. ఇచ్చేటప్పుడు వెదర్ విడ్జెట్ తీసేయమని చెప్పను. దాంతోపాటు స్కేలు అతికించిన ఒక డబ్బా, ఒక గ్రాఫ్ పేపర్ కూడా ఇవ్వండి. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. ఆరోజు ఉదయం 8:30కి మొదలుపెడితే సరిపోతుంది.